ఇరవై ముఖాల పాచిక

వైకుంఠపాళీ మీద నాలుగు మాటలు కాస్త పరుషంగా రాయబోతున్నాను. పెద్దవాళ్ళు మన్నించాలి. పెద్దపాము నోట్లో పడి, మళ్ళీ మొదటి గడికొచ్చి, గవ్వలు విసిరికొట్టి ఏడ్చినదాన్నే కనక నాకా మాత్రం హక్కుందనుకుంటున్నాను.

మొన్న వేసవికి మనవలొస్తున్నారని తెలియగానే ఏలూరులో ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్ళి గుడ్డమీద అచ్చువేసిన వైకుంఠపాళీ, చెక్కతో చేసిన వామనగుంటల పీట, అష్టాచెమ్మా పటం, పులి-మేక, వాటికి తోడు సంచీడు గవ్వలు కొనుక్కొచ్చేను. మా చిన్నతనంలో అష్టాచెమ్మాకి కావలసింది ఒక అరుగూ, ఒక సుద్దముక్కా. వామనగుంటలకి చింతపిక్కలు. ఇప్పుడవన్నీ కలిపి మావారి కొత్త కళ్ళజోడంత ఖరీదయ్యేయి. ఖరీదు సంగతలా ఉంచండి. అట్టపెట్టె మీద ఏం రాశారనుకున్నారు? జ్ఞాపకశక్తి పెరుగుతుందట, లెక్కలొస్తాయట, ఏకాగ్రత కుదురుతుందట, పైగా మన సంస్కృతి తెలుస్తుందట. ఆముదం సీసా మీద కూడా ఇన్ని గుణాలు రాయరు. పిల్లలు అంత తెలివితక్కువ వాళ్ళు కాదండీ. బెల్లంముక్కలో మాత్ర దాచిపెడితే బెల్లం తిని మాత్ర ఉమ్మేస్తారు.

అలాగే అయింది. పటం పరిచేను. పదకొండేళ్ళ మనవరాలు, ఎనిమిదేళ్ళ మనవడు, పక్కింటి అన్నాచెల్లెళ్ళు చుట్టూ కూర్చున్నారు. ఒక ఆట అయ్యేసరికి మనవడు తల గోక్కుంటూ అడిగేడు.

"మామ్మా, ఇందులో నేనేం చెయ్యాలి?"

"గవ్వలెయ్యాలి నాన్నా."

"వేశాక?"

"పడ్డన్ని గళ్ళు జరగాలి."

"అది సరేలే. నేనేం చెయ్యాలి?"

వాడికి నా దగ్గర జవాబు లేకపోయింది. రాత్రి పడుకుని ఆలోచిస్తే వాడడిగినదాంట్లో తప్పేమీ కనిపించలేదు. పాములకి రాక్షసుల పేర్లు, నిచ్చెనలకి సుగుణాల పేర్లు. భక్తి నిచ్చెనెక్కినవాడు భక్తేమీ చూపించలేదు, గవ్వలలా పడ్డాయంతే. పాము మింగినవాడు పాపమూ చెయ్యలేదు. చక్కగా నడుచుకున్నవాడూ, తిన్నగా నడవనివాడూ ఒకే లెక్కన పైకి పోతారు, ఒకే లెక్కన కింద పడతారు. నుదుటి రాతని ఇంత బాగా బొమ్మకట్టిన ఆట ఇంకోటి ఉండదు, ఒప్పుకుంటాను. పటం కొత్తల్లో ఆడినవాళ్ళకి దానిలో వేదాంతం కనిపించి ఉంటుంది. ఎనిమిదేళ్ళవాడికి మాత్రం తను లేకపోయినా ఆట నడిచిపోతోందన్న సంగతే కనిపించింది.

ఇంగ్లీషువాళ్ళు పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ ఆటని పట్టుకుపోయి వైకుంఠం తీసేసి, గళ్ళు నూటికి కుదించి అమ్ముకున్నారు. మన పచ్చీసుని లూడో చేసి 1896లో పేటెంటు పుచ్చుకున్నదీ వాళ్ళే. తరవాత 1943లో మిల్టన్ బ్రాడ్లీ అనే అమెరికా కంపెనీవాళ్ళు పాముల్ని చూస్తే పిల్లలు జడుసుకుంటారని పాముల బదులు జారుడుబల్లలు పెట్టేరు. బిస్కెట్ల డబ్బాకి చెయ్యి చాపినవాడు కిందికి జారతాడు, ఇంట్లో పనిచేసినవాడు నిచ్చెనెక్కుతాడు. పాములు పోయేయి గానీ నీతి పోలేదు. ఎంత దూరం వెళ్ళినా పెద్దవాళ్ళు పెద్దవాళ్ళే.

అష్టాచెమ్మాని ఈ గాటన కట్టను. ఏ కాయ జరపాలో, ఎవరిని చంపాలో, ఎవరిని చూసీచూడనట్టు వదిలెయ్యాలో మన చేతుల్లోనే ఉంటుంది. పులి-మేక అయితే మా మనవరాలికి నాలుగు రోజులపాటు అన్నం కూడా సయించనివ్వలేదు. అయిదో రోజున అదీ అటకెక్కింది. కారణం ఆలోచిస్తే సిగ్గేసింది. మా చిన్నప్పుడు మధ్యాహ్నాలు ఆ ఆటల చుట్టూ ఆడవాళ్ళంతా ఉండేవారు. మా మేనత్త గవ్వలు బోర్లించడంలో మోసం చేసేది, మా అమ్మమ్మ పట్టుకునేది, ఇద్దరికీ రెండ్రోజులు మాటలుండేవి కావు. ఆట రుచంతా అక్కడుంది. నేనేం చేసేను? పటం పరిచి, "ఆడుకోండర్రా, మన సంస్కృతి" అని చెప్పి, టీవీలో సీరియల్ చూసుకోడానికి లోపలికెళ్ళిపోయేను.

సరిగ్గా ఆ శనివారమే తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతున్న మా ఆడబిడ్డ మనవడు పాసింజరు బండెక్కి మా ఇంటికొచ్చేడు. వాడి జేబులో చిన్న సంచి, అందులో పాచికలు. మామూలు పాచికలు కావు. నాలుగు ముఖాలది, ఎనిమిది ముఖాలది, పన్నెండు ముఖాలది, అన్నిటికంటే పెద్దది ఇరవై ముఖాలది, గచ్చకాయంత ఉంది. రోల్ ప్లేయింగ్ గేమట. ఆడే పద్ధతి చెప్పేడు. ఒకడు సూత్రధారి. మిగిలినవాళ్ళు తలా ఒక వేషం వేస్తారు. మొహానికి రంగుండదు, లేచి గెంతక్కర్లేదు, చాపమీద కూచున్నచోటే మాటలతో వేషం. సూత్రధారి, "మీరొక వాగొడ్డున ఉన్నారు, చీకటి పడుతోంది, పడవ లేదు, ఏం చేస్తారు?" అంటాడు. ఈదుతాననేవాడు ఈదుతాడు, చెట్టెక్కేవాడు చెట్టెక్కుతాడు. ఆ పని అవుతుందో అవదో తేలనప్పుడు పాచిక వేస్తారు. సూత్రధారి చెప్పిన అంకెకి తగ్గకుండా పడితే పని అయినట్టు, తగ్గితే కథ ఇంకో దారి పడుతుంది. ఒకడు గెలవడం, ఇంకొకడు ఓడడం లేదు.

"ఓరి, ఇది బువ్వాలాటరా!" అన్నాను. వాడికి కొంచెం కోపమొచ్చింది. అంత పెద్ద ఇంగ్లీషు ఆటని పట్టుకుని బువ్వాలాట అంటే రాదూ మరి. కానీ ఆలోచించండి. కొబ్బరిచిప్పలో ఇసకన్నం వండి, "మీ నాన్నగారు ఆఫీసునుంచి వచ్చే వేళైంది" అని ఆరేళ్ళ పిల్ల అనడంలేదూ? ఆ ఆట ఎవరూ నేర్పరు, ఏ అట్టపెట్టెలోనూ అమ్మరు. బొమ్మల పెళ్ళిళ్ళు మాత్రం తక్కువా? వియ్యపురాలి వేషం కోసం నేనూ మా అక్కా జుట్లు పట్టుకునేవాళ్ళం. మగపెళ్ళివారి తరఫున అలిగే అధికారం దానికే కదా! పెళ్ళికూతురి వేషం ఎవరం అడిగిన పాపాన పోలేదు. అది బొమ్మది. నోరు మెదపక్కర్లేని వేషం కనక బొమ్మ సరిపోయేది.

ఈ కొత్త ఆటకి మూలపురుషులు గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అని ఇద్దరు అమెరికావాళ్ళు. 1974లో "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే పేరుతో మొదటిసారి వెయ్యి పెట్టెలు అచ్చువేశారు. గైగాక్స్‌ది విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే సరస్సు పక్క ఊరు. మనకి కొల్లేరున్నట్టు వాళ్ళకో సరస్సన్నమాట. అంతకుముందు వాళ్ళు బల్లమీద సీసపు సిపాయిల్ని బారులు తీర్చి యుద్ధాలాడేవారు. ఒక్కొక్కరి చేతికింద ఒక్కొక్క సైన్యం. ఆర్నెసన్ ఆ సైన్యాన్ని తీసేసి ఒక్క మనిషినిచ్చేడు. వెయ్యిమంది సిపాయిల్లో పదిమంది చస్తే ఎవరికి పట్టింది? చేతిలో ఉన్నది ఒక్కడే అయితే వాడి కాలికి ముల్లు గుచ్చుకున్నా మన ప్రాణం విలవిల్లాడుతుంది. నా దృష్టిలో ఈ ఆటలో చెప్పుకోదగ్గ గొప్పంతా అదే.

1980ల్లో అమెరికాలో ఈ ఆట మీద పెద్ద దుమారం లేచింది. పిల్లలు దెయ్యాల్ని కొలుస్తున్నారని తల్లులూ, చర్చిలవాళ్ళూ హడలిపోయేరు. తల్లుల భయాలు ఎక్కడైనా ఒకలాంటివే. తరవాత చాలాకాలం ఇది కళ్ళజోళ్ళ కుర్రాళ్ళు గదిలో తలుపేసుకుని ఆడుకునే వ్యవహారంగా ఉండిపోయింది. కొత్తతరం దీని దగ్గరికొచ్చిన వైనం విచిత్రం. 2014లో నియమాలు తేలికచేసి ఐదో కూర్పు తెచ్చేరు. 2015 నుంచి కొందరు నటులు తమ ఆటని గంటలకొద్దీ ఇంటర్నెట్‌లో చూపించడం మొదలుపెట్టేరు, జనం కచేరీకి కూచున్నట్టు కూచున్నారు. 2016లో వచ్చిన "స్ట్రేంజర్ థింగ్స్" అనే సీరియల్ మొదటి భాగంలోనే నలుగురు పిల్లలు ఈ ఆట ఆడుతూ కనిపిస్తారు. 2024లో ఆటకి యాభై ఏళ్ళు నిండితే అమెరికా తపాలావారు స్టాంపులు కూడా వేశారు. ఆటగాళ్ళ సరదా చూసి పిల్లలకి నోరూరిందన్నమాట. జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఎవరైనా చెబితే వచ్చేవాళ్ళంటారా?

ఆదివారం పొద్దున్న అందరం కైకలూరు మీదుగా కొల్లేటికోట వెళ్ళి పెద్దింట్లమ్మవారిని దర్శనం చేసుకున్నాం. దారిలో ఆటపాక దగ్గర పిల్లలకి గూడబాతుల్ని చూపించేం. పిల్లలు విసిగిస్తుంటే, మా అమ్మ నాకు చెప్పిన కథే కార్లో చెప్పేను. పూర్వం కొల్లేటికోట గజపతులదట. చుట్టూ నీళ్ళే దానికి కందకం. శత్రుసేన చిగురుకోట దగ్గర విడిసిందట. కొల్లేటి నీళ్ళు తీసేస్తే తప్ప కోట చిక్కదని ఉప్పుటేరు వేపు కాలవ తవ్వించబోయేరట. ఆ పని నెరవేరడానికి సేనాని కన్నకూతుర్ని బలిచ్చేడట. అందుకే ఆ కాలవకి పేరంటాల కనుమ అని పేరొచ్చిందంటారు. పేరంటాలు అంటే పసుపూ కుంకుమలకి మనం పిలిచే ముత్తైదువే కాదు, అలా ప్రాణం పోయి దేవతగా పూజలందుకునే స్త్రీ కూడాను. మా అమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా కళ్ళొత్తుకునేది. నేనూ శ్రద్ధగా గొంతు తగ్గించి చెప్పేను.

సాయంత్రం కరెంటు పోయింది. గూడెం కుర్రాడు కొవ్వొత్తి వెలిగించి, పాచికలు తీసి, "పొద్దున్న అమ్మమ్మ చెప్పిన కథే ఆడదాం" అన్నాడు. మా మనవడు తాటిదోనె నడిపేవాడి వేషం తీసుకున్నాడు. చేపల చెరువులు కూడా ఉండాలని పేచీ పెట్టేడు గానీ, ఆ రోజుల్లో చెరువులు లేవని, కొర్రమీను వలేసి పట్టుకోవలసిందేనని సూత్రధారి తేల్చేడు. కొల్లేరులో 2006లో చెరువు గట్లు కొట్టించినప్పుడు వీడింకా పుట్టనేలేదు. అయినా వాడికి కొల్లేరంటే చెరువులే. పక్కింటి పిల్లవాడు సిపాయి. వాడి చెల్లెలు దండు లెక్కలు రాసే కరణం. మా మనవరాలు, ఎవరూ చెప్పకుండానే, "నేను సేనాని కూతుర్ని" అంది. చివర్లో చచ్చిపోయే వేషం అదెందుకు కోరుకుందా అని నాకాశ్చర్యమేసింది.

"బలికి ముహూర్తం పెట్టేరు. నీకు తెలిసిపోయింది. ఏం చేస్తావు?" అన్నాడు సూత్రధారి.

"ముందు నా పేరేంటో చెప్పు."

వాడు నావేపు చూసేడు. నేను "పేరంటాలు" అన్నాను.

"అది చచ్చిపోయేక పెట్టిన పేరు కదా మామ్మా. అంతకు ముందో?"

అరవై ఏళ్ళనుంచి తెలిసిన కథ. తండ్రి పదవి తెలుసు, దండు విడిసిన ఊరు తెలుసు, కాలవ పేరు తెలుసు. పిల్ల పేరు నాకు తెలీదు. మా అమ్మ చెప్పలేదు, నేనడగలేదు. మనవరాలు తనకి తనే ఏదో పేరు పెట్టుకుని కాగితం మీద రాసుకుంది. మాకు చూపించలేదు.

తరవాత తండ్రి దగ్గరికెళ్ళింది. ఏడుస్తుందేమో, కాళ్ళమీద పడుతుందేమో అనుకున్నాను. "నాన్నా, ఈ కాలవ దేనికి?" అంది. నీళ్ళు తియ్యడానికన్నాడు సూత్రధారి, గొంతు గంభీరంగా పెట్టి. "బుడమేరూ తమ్మిలేరూ పొంగితేనే కదా కొల్లేరు నిండేది. ఎండాకాలం దానంతటదే లోపలికి లాక్కుపోతుంది. మూడు నెలలాగరాదూ?" అంది. కరణం వెంటనే మూడు నెలలకి దండుకి బియ్యం చాలుతాయని లెక్క చెప్పింది. నాకు చెమటపట్టింది. ఏలూరు నడిబొడ్డున తమ్మిలేరు చూస్తూ బతికినదాన్ని, ఏటేటా కొల్లేరు కుంచించుకుపోవడం ఎరిగినదాన్ని, నాకీ ఊహ ఎన్నడూ రాలేదు. త్యాగం అనగానే చేతులు జోడించేశాను గానీ, అవసరమా అని ఆగలేదు.

తండ్రి ఒప్పుకుంటాడా లేదా అన్నది పాచిక తేల్చాలి. పద్నాలుగు పడాలన్నాడు. తొమ్మిది పడింది. సేనాని వినలేదు. పిల్ల పెదవి కొరుక్కుని దోనెవాడి దగ్గరికెళ్ళింది. మా మనవడు పాచికని రెండు చేతుల్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వేశాడు. పదిహేడు! దోనె కిక్కిసగడ్డిలోకి జారిపోయింది. వైకుంఠపాళీలో ఇదేం చెయ్యాలో తెలీక తల గోక్కున్న పిల్లవాడే ఇప్పుడు మోకాళ్ళమీద లేచి, ఊపిరి బిగపట్టి, లేని గెడ వేస్తున్నాడు.

ఈ ఆటకి హారతులు పట్టమని నేననడంలేదు. లోపాలు చాలా ఉన్నాయి. అసలు పుస్తకాలు ఇంగ్లీషులో దిండ్లంత లావున ఉంటాయి, ఖరీదూ ఆ లెక్కనే ఉంటుంది. లోపలంతా వాళ్ళ డ్రాగన్లు, వాళ్ళ కత్తులు, ఎంతసేపూ నరుక్కోవడాలు. పక్కింటి సిపాయి కుర్రాడు అడిగిన ప్రతిదానికీ "కత్తి దూస్తా" తప్ప ఇంకో మాట ఎరగడు. సూత్రధారి నోటికి అదుపు లేకపోతే అది పురాణ కాలక్షేపం అయిపోతుంది. మావాడు కూడా రెండుసార్లు తన కథ తనే చెప్పుకుంటూ పోతే, కరణం పిల్ల ఆవలించి జడ విప్పుకోవడం మొదలుపెట్టింది. మగపిల్లలు గట్టిగా అరిచి తమ పనులు ముందు కానిచ్చుకుంటారు, చిన్నగొంతుల వంతు రాదు. అన్నిటికంటే పెద్ద చిక్కు, మూడు గంటలు కదలకుండా పిల్లలతో కూచునే పెద్దమనిషి ఒకరు కావాలి. మన ఇళ్ళలో అట్టపెట్టె కొనిచ్చేవాళ్ళు దొరుకుతారు గానీ ఆ మనిషి దొరకడం కష్టం. మా కోడలు వంటింట్లోంచి తొంగిచూసి, "మాకూ ఓ వేషం ఇస్తే బాగుండును, పొయ్యిమీద పాలున్నాయి" అంది. పాలు నేను చూసుకుంటానని అప్పుడు నాకు తట్టలేదు.

పైగా నేనూరుకోలేకపోయేను. దోనె దాటిపోతూంటే, "కథ అలా లేదర్రా! ఆ పిల్ల పారిపోలేదు" అనేశాను.

నలుగురూ తలలెత్తి నావేపు చూసేరు. సూత్రధారి, "ఆడనివాళ్ళు మాట్లాడకూడదు అమ్మమ్మా" అన్నాడు మర్యాదగానే.

"అయితే మామ్మ కూడా ఆడుతుంది," అంది మనవరాలు. "మామ్మ సేనాని తల్లి. అంటే నాకు నాయనమ్మ. మామ్మా, తెల్లారింది. నేను కనపడ్డం లేదు. నేను ఏ లంకలో దాక్కున్నానో నీకు తెలుసు. మీ అబ్బాయొచ్చి, 'అమ్మా, పిల్లేదీ? ముహూర్తం దాటిపోతోంది' అంటున్నాడు. నువ్వేం చెబుతావు?"

ఇరవై ముఖాల పాచిక తెచ్చి నా అరచేతిలో పెట్టింది. వెయ్యడానికి ముందు ఏం చెయ్యదలుచుకున్నానో చెప్పాలిట, నియమం. నేను నోరు తెరిచేలోపల కరెంటొచ్చింది. మావారు న్యూస్ పెట్టేరు, కోడలు అన్నాలకి పిలిచింది. మర్నాడు పొద్దున్నే గూడెం కుర్రాడు బండెక్కేడు, వారం తిరిగేసరికి మనవలూ వెళ్ళిపోయేరు. ఆట దసరా సెలవులకి వాయిదా పడింది. గవ్వల సంచీలో ఆ పాచిక నా దగ్గరే ఉండిపోయింది. నిన్న ఫోన్లో మనవరాలు బడి సంగతులన్నీ చెప్పి, చివర్న, "మామ్మా, ఆలోచించుకున్నావా?" అనడిగింది.